మూడు బైట్లలో రెండు చిరునామాకే

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో 8085 కిట్ మీద చెయ్యి వేసినవాళ్ళకి ఆ మీటల చప్పుడు గుర్తుండే ఉంటుంది. ఎర్రగా వెలిగే ఆరు అంకెల డిస్‌ప్లే, దాని కింద మీటల వరసలు, పక్కన మడతలు పడ్డ ఆప్‌కోడ్ షీటు. నేను మొట్టమొదట కొట్టిన ప్రోగ్రాం రెండు సంఖ్యల్ని కూడేది. మెమరీలో 2050 అనే చోట ఉన్న సంఖ్యని అక్యుమలేటర్లోకి తెచ్చుకోవాలి. షీటు చూసి 3ఏ కొట్టాను, తర్వాత 20, ఆ తర్వాత 50. జవాబు తప్పొచ్చింది. మళ్ళీ కొట్టినా అదే తప్పు. వెనక నిలబడి చూస్తున్న ల్యాబ్ అసిస్టెంటు గారు, "చిరునామాలో చిన్న బైటు ముందు బాబూ, పెద్ద బైటు తర్వాత" అన్నారు. 3ఏ, 50, 20 అని కొట్టగానే సరైన జవాబు వెలిగింది.

ఆ రోజు నేర్చుకున్నది బైట్ల వరస ఒక్కటే అనుకున్నాను. అసలు సంగతి చాలా ఏళ్ళకి తట్టింది. ఆ మూడు బైట్లలో 'ఏం చెయ్యాలి' అని చెప్పేది 3ఏ ఒక్కటే. మిగతా రెండూ 'ఎక్కడుంది' అని చెప్పడానికే ఖర్చయ్యాయి. పని చెప్పడం తేలిక, చోటు చెప్పడం కష్టం. ప్రాసెసర్లను రూపొందించినవాళ్ళు డెబ్భై అయిదేళ్ళకు పైగా ఈ రెండో కష్టంతోనే కుస్తీ పడుతున్నారు.

'కూడు' అంటే దేన్ని కూడాలి? ఆ 'దేన్ని'నే ఆపరాండ్ అంటారు. 8085కి పదహారు అడ్రస్ లైన్లు ఉన్నాయి కాబట్టి అది 65,536 చోట్లను వేలెత్తి చూపగలదు. వాటిలో ఒకటి ఫలానా అని చెప్పాలంటే పదహారు బిట్లు, అంటే రెండు బైట్లు కావాలి. ఈనాటి ఫోన్లలో, ల్యాప్‌టాపుల్లో చిరునామా అరవై నాలుగు బిట్ల రిజిస్టర్లో ఉంటుంది, ఎనిమిది బైట్లు. కానీ రిస్క్-ఫైవ్ లాంటి ప్రాసెసర్లో మామూలు ఇన్‌స్ట్రక్షన్ మొత్తం కలిపి నాలుగు బైట్లే. నాలుగు బైట్ల సంచిలో ఎనిమిది బైట్ల చిరునామా పట్టదు. అందుకే ఇన్‌స్ట్రక్షన్ చిరునామాని మొయ్యదు, చిరునామాని కట్టుకునే పద్ధతిని మోస్తుంది. పాఠ్యపుస్తకాలు అడ్రసింగ్ మోడ్స్ అని పేరు పెట్టి, అయిదు మార్కుల ప్రశ్నకి జాబితాగా బట్టీ పట్టించేవి ఈ పద్ధతులనే. జాబితాగా చదివితే ప్రాణం లేనట్టుంటాయి గానీ, ఒక్కోటి ఒక్కో ఇబ్బందిలోంచి పుట్టింది.

8085లో ఒకే పని, అక్యుమలేటర్లోకి ఒక సంఖ్యని తేవడం, నాలుగు రకాలుగా జరుగుతుంది. సంఖ్య ఇన్‌స్ట్రక్షన్లోనే ఉంటే 3ఈ అనే బైటు, వెంటనే ఆ సంఖ్య: రెండు బైట్లు, ఏడు టీ-స్టేట్లు. మూడు మెగాహెర్ట్‌జ్ గడియారంతో నడిచే కిట్‌లో ఒక టీ-స్టేటు అంటే మైక్రోసెకనులో మూడో వంతు. చిరునామా పూర్తిగా రాసిస్తే మన 3ఏ: మూడు బైట్లు, పదమూడు టీ-స్టేట్లు. ఎందుకంత అంటే ప్రాసెసర్ నాలుగుసార్లు మెమరీ గడప తొక్కాలి. ఆప్‌కోడ్ కోసం ఒకసారి, చిరునామాలో చిన్న సగం కోసం ఒకసారి, పెద్ద సగం కోసం ఇంకోసారి, చివరికి అసలు సంఖ్య కోసం. సంఖ్య పక్కనున్న బీ రిజిస్టర్లోనే ఉంటే ఒక్క బైటు, 78. నాలుగు టీ-స్టేట్లలో పనైపోతుంది. నాలుగో పద్ధతి నాకు అన్నిటికన్నా ఇష్టం: 7ఈ. ఇది కూడా ఒక్క బైటే, కానీ మెమరీలో ఏ మూలనుంచైనా తెస్తుంది. చిరునామాని ముందే హెచ్, ఎల్ రిజిస్టర్లలో పెట్టుకుంటే 7ఈ అక్కడికెళ్ళి తెచ్చేస్తుంది. ఏడు టీ-స్టేట్లు.

78కీ 7ఈకీ ఉన్న చుట్టరికం బిట్లు విడదీస్తే కనబడుతుంది. కిట్ వాడే షోడశాంశ (హెక్సాడెసిమల్) లెక్కలో 78 అంటే 01 111 000. మొదటి రెండు బిట్లు 'తరలించు' అని. 111 అంటే 'ఏ రిజిస్టర్లోకి', 000 అంటే 'బీ నుంచి'. 7ఈ అంటే 01 111 110. మారింది చివరి మూడు బిట్లే. మూడు బిట్లతో ఎనిమిది పేర్లు పెట్టొచ్చు. 8085లో ఏ, బీ, సీ, డీ, ఈ, హెచ్, ఎల్ అని ఏడు రిజిస్టర్లున్నాయి. మిగిలిన ఎనిమిదో పేరు, 110, మెమరీకి ఇచ్చేశారు. దాన్నే ఎం అంటాం. అంటే 65,536 చోట్లున్న మెమరీ మొత్తం ఒక రిజిస్టర్లా వేషం వేసుకుని ఎనిమిదో కుర్చీలో కూర్చుంది! మరి మెమరీ నుంచి మెమరీకే తరలించమంటే? ఆ బిట్లు 01 110 110 కావాలి, అంటే 76. అర్థం లేని ఆ గడిని వృథా చెయ్యకుండా 'ఆగు' అనే ఆదేశానికి కేటాయించారు. ప్రతి ల్యాబ్ ప్రోగ్రాం చివర్లో మనం కొట్టే 76 అదే.

ఈ హెచ్, ఎల్ ఏర్పాటు ఇంటెల్ సొంత ఊహ కాదు. డేటాపాయింట్ 2200 అనే టెర్మినల్ కోసం దాన్ని తయారుచేసిన సంస్థ గీసుకున్న డిజైనునే ఇంటెల్ 1972లో 8008 చిప్పుగా అమ్మింది. ఆ చిప్పులో మెమరీకి దారి హెచ్, ఎల్ జత ఒక్కటే, పూర్తి చిరునామా రాసిచ్చి సంఖ్యని తెప్పించుకునే పద్ధతే లేదు. అది 1974లో 8080తో వచ్చింది, 1976లో 8085కి సంక్రమించింది. నన్ను ఏడిపించిన 'చిన్న బైటు ముందు' కూడా ఆ టెర్మినల్ వారసత్వమే. అది బిట్లను ఒకదాని తర్వాత ఒకటిగా తీసుకుని లెక్క చేసేది. కూడికలో ఒకట్ల స్థానం నుంచే మొదలుపెడతాం కాబట్టి చిన్న సగం ముందు రావడం దానికి సుఖం. ఆ అవసరం ఎప్పుడో తీరిపోయినా, ఈనాటి ఇంటెల్ ప్రాసెసర్లు కూడా అదే వరస పాటిస్తున్నాయి.

ఇప్పుడు రెండు సంఖ్యలు కాదు, పది సంఖ్యలు కూడాలనుకుందాం. అవి 2050 నుంచి 2059 దాకా వరసగా ఉన్నాయి. చిరునామాని ఇన్‌స్ట్రక్షన్లోనే రాసే పద్ధతిలో ఒక్కో సంఖ్యకీ ఒక తెచ్చుకోవడం, ఒక కూడడం, ఒక దాచుకోవడం: అయిదేసి బైట్లు, మొత్తం యాభై. వంద సంఖ్యలైతే అయిదు వందలు. చేసే పని ఒకటే, మారేది చిరునామా ఒక్కటే, అయినా ప్రోగ్రాం డేటాతో పాటు పెరుగుతూ పోతుంది.

తొలితరం ప్రోగ్రామర్లకు ఇదే చిక్కు వచ్చింది. 1949 మే 6న కేంబ్రిడ్జిలో మొదటిసారి పనిచేసిన ఎడ్‌శాక్‌లో ప్రతి ఆదేశంలోనూ పది బిట్ల చిరునామా ఉండేది. దాన్ని మార్చే సాధనం వేరే ఏదీ లేదు. కానీ ఆదేశాలూ మెమరీలో సంఖ్యలుగానే ఉంటాయి కదా! అందుకని ప్రోగ్రాం తన ఆదేశాన్నే అక్యుమలేటర్లోకి తెచ్చుకుని, అందులో చిరునామా ఒక చోటు జరిగేలా ఒక సంఖ్య కలిపి, తిరిగి అదే స్థలంలో పెట్టేసేది. తర్వాతి చుట్టులో ఆ ఆదేశం పక్క గడిని చదివేది. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ తనని తానే తిరగరాసుకునేది.

తెలివైన ఉపాయమే, కానీ దీని ఖరీదు తక్కువ కాదు. ఒకసారి నడిచిన ప్రోగ్రాం మొదట రాసినట్టు ఉండదు. రెండోసారి నడపాలంటే ముందు దాన్ని బాగుచెయ్యాలి. తప్పు దొర్లితే కాగితం మీద రాసుకున్నది ఒకటి, మెమరీలో ఉన్నది ఇంకొకటి. అన్నిటికీ మించి, చెరగని మెమరీలో అలాంటి ప్రోగ్రాం పెట్టలేం. మన 8085 కిట్‌ని లేపి డిస్‌ప్లే వెలిగించే మానిటర్ ప్రోగ్రాం రామ్‌లో కాదు, రోమ్‌లో ఉంటుంది. తనను తాను దిద్దుకునే ప్రోగ్రాములే ఉండి ఉంటే కిట్లే కాదు, వాషింగ్ మెషీన్లోని కంట్రోలర్ కూడా ఈ రూపంలో ఉండేది కాదు.

ముడి విప్పింది మాంచెస్టర్. అక్కడ ఫ్రెడ్డీ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ బృందం టీవీ తెర లాంటి గొట్టాల మీద విద్యుదావేశపు చుక్కలుగా బిట్లు నిలిపే పద్ధతి కనిపెట్టి, 1948 జూన్ 21న తమ చిన్న యంత్రం మీద మొదటి ప్రోగ్రాం నడిపింది. ఆ మరుసటి ఏడు వచ్చిన మాంచెస్టర్ మార్క్ 1లో అక్యుమలేటర్‌కి ఏ అనే గొట్టం, కంట్రోల్‌కి సీ అనే గొట్టం ఉండేవి. కొత్తగా చేర్చినదానికి మధ్యలో ఖాళీగా ఉన్న బీ అనే పేరు పెట్టారు. ఆదేశం అమలయ్యే ముందు బీ గొట్టంలోని విలువ దాని చిరునామాకి కలుస్తుంది. కలిసేది ప్రాసెసర్ లోపల, ఆ క్షణానికి మాత్రమే. మెమరీలోని ఆదేశం చెక్కుచెదరదు. పక్క గడికి వెళ్ళాలంటే బీలో ఒకటి పెంచితే చాలు. తర్వాత ఇండెక్స్ రిజిస్టర్ అని ప్రపంచమంతా పిలిచిన సాధనం ఇదే. చిరునామా ఇన్‌స్ట్రక్షన్ని విడిచి బయటికి అడుగుపెట్టిన రోజుగా నేను దీన్ని చూస్తాను. ఎడ్‌శాక్ ప్రోగ్రామింగులో అంతటి ఉద్దండుడైన డేవిడ్ వీలర్ కూడా 1953లో ఆ యంత్రానికి ఒక ఇండెక్స్ రిజిస్టర్ని స్వయంగా రూపొందించి చేర్చాడు.

ఈ రిజిస్టర్ల ఆనవాలు అనుకోని చోట కూడా మిగిలింది. 1954 నాటి ఐబీఎం 704లో ఒక మాట పొడవు 36 బిట్లు. అందులో పదిహేను బిట్ల భాగానికి అడ్రస్ అని, ఇంకో పదిహేను బిట్ల భాగానికి డిక్రిమెంట్ అని పేర్లు. ఆ యంత్రం మీద పుట్టిన లిస్ప్ భాషలో జాబితా తలని ఇచ్చే 'కార్', తోకని ఇచ్చే 'కుడర్' ఆ రెండు భాగాల పేర్ల పొడి అక్షరాలే. యంత్రం మూలపడింది, మాటలు నిలిచాయి.

కిట్ దగ్గరికి వద్దాం. హెచ్‌ఎల్‌లో 2050 పెట్టుకుని, సీలో పది పెట్టుకుని చుట్టు తిప్పితే: 86 (ఎం చూపిన సంఖ్యని కూడు), 23 (హెచ్‌ఎల్ ఒకటి పెంచు), 0డీ (సీ ఒకటి తగ్గించు), ఆ తర్వాత సీ సున్నా కాకపోతే వెనక్కి వెళ్ళమని మూడు బైట్లు. చుట్టు మొత్తం ఆరు బైట్లు. పది సంఖ్యలైనా అంతే, రెండు వందలైనా అంతే. ఒక్కో చుట్టుకి ఇరవై ఏడు టీ-స్టేట్లు పడతాయి. నేరుగా రాసుకుపోతే సంఖ్యకి ఇరవై ఒకటే, అంటే యాభై బైట్ల ప్రోగ్రామే కొంచెం వేగంగా నడుస్తుంది. ఈ మాట పుస్తకాల్లో తరచు దాటేస్తారు. చిరునామాని రిజిస్టర్లో పెట్టుకోవడంలో ముఖ్యమైన లాభం వేగం కాదు. ఎన్ని సంఖ్యలు వస్తాయో ముందే తెలియకపోయినా ప్రోగ్రాం రాయగలగడమే ఆ లాభం.

8085లో ఒక లోటుంది. హెచ్‌ఎల్ చూపిన చోటికే వెళ్ళగలం గానీ 'హెచ్‌ఎల్ చూపిన చోటికి నాలుగు గడుల అవతల' అని ఒక్క ఆదేశంలో అనలేం. మన ఊళ్ళలో ఇల్లు చెప్పే తీరు చూడండి. ఇంటి నంబరు చెబితే పోస్ట్‌మాన్‌కి తప్ప ఎవరికీ అర్థం కాదు. 'రామాలయం నుంచి తూర్పుకి మూడో ఇల్లు' అంటే దారిన పోయే పిల్లాడు కూడా తీసుకెళ్ళి దింపుతాడు. తెలిసిన చోటు ఒకటి, అక్కడినుంచి కొంచెం దూరం. ప్రాసెసర్ భాషలో బేస్, ఆఫ్‌సెట్. దూరం ఎప్పుడూ చిన్న సంఖ్యే కాబట్టి ఇన్‌స్ట్రక్షన్లో ఇమిడిపోతుంది, పెద్ద చిరునామా రిజిస్టర్లో ఉంటుంది. తేడా ఒక్కటే: మన రామాలయం కదలదు, బేస్ కదులుతుంది. కదలడమే దాని గొప్పతనం. వెయ్యిమంది విద్యార్థుల రికార్డులు వరసగా ఉంటే, ప్రతి రికార్డులోనూ మార్కులు మొదటినుంచి పన్నెండు బైట్ల దూరంలో ఉంటే, 'బేస్ నుంచి పన్నెండు' అనే ఒకే ఆదేశం వెయ్యిమందికీ సరిపోతుంది. ఫంక్షన్ తనని తానే పిలుచుకున్నప్పుడు ప్రతి పిలుపుకీ స్టాక్ మీద కొత్త చోటు దొరుకుతుంది. లోపలి వేరియబుల్ ఎప్పుడూ 'ఇక్కడినుంచి ఎనిమిది బైట్లు', ఆ 'ఇక్కడ' మాత్రం ప్రతిసారీ వేరు. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాంలో ఒకే పేరున్న ఎన్ పదిసార్లు పది విలువలతో బతకగలగడానికి కారణం ఇది.

ఈ పద్ధతులన్నిటినీ ఒక్క తాటి మీదికి తెచ్చి, నాకు తెలిసినంతలో అందరికన్నా అందంగా అమర్చినవాళ్ళు 1970లో పీడీపీ-11 చేసిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ ఇంజనీర్లు. పదహారు బిట్ల ఆదేశంలో నాలుగు బిట్లు పనికి, ఆరు బిట్లు ఎక్కడినుంచి అనేదానికి, ఆరు బిట్లు ఎక్కడికి అనేదానికి. ఆ ఆరులో మూడు బిట్లు పద్ధతిని, మూడు బిట్లు రిజిస్టర్ని చెబుతాయి. ఎనిమిది పద్ధతులు, ఎనిమిది రిజిస్టర్లు, ఏది దేనితోనైనా కలుస్తుంది. రెండో పద్ధతిని తీసుకోండి: రిజిస్టర్ చూపిన చోటునుంచి తెచ్చుకో, వెంటనే రిజిస్టర్ని ముందుకి జరుపు. మన కిట్‌లో 86, 23 అని రెండు ఆదేశాలు చేసిన పని ఇక్కడ ఒక్క ఆదేశంలో ముగిసింది.

అసలు చమత్కారం ఏడో రిజిస్టర్లో ఉంది. తర్వాత ఏ ఆదేశం అమలవ్వాలో చూపించే ప్రోగ్రాం కౌంటర్‌ని వేరే గదిలో దాచకుండా, మిగతావాటితో పాటు ఏడో నంబరు ఇచ్చి కూర్చోబెట్టారు. రెండో పద్ధతిని ఏడో రిజిస్టర్‌తో కలిపితే ఏమవుతుందో చూడండి. ఆదేశాన్ని చదివేశాక ప్రోగ్రాం కౌంటర్ ఆ పక్క మాటని చూపిస్తూ ఉంటుంది. 'అది చూపిన చోటునుంచి తెచ్చుకో, దాన్ని ముందుకి జరుపు' అంటే, ఆదేశం పక్కనే రాసిన సంఖ్యని తీసుకుని దాన్ని దాటి వెళ్ళడం! 8085కి 3ఈ అనే ప్రత్యేక ఆప్‌కోడ్ కావలసి వచ్చిన పని ఇక్కడ దానంతట అదే ఊడిపడింది. మూడో పద్ధతి ఏడో రిజిస్టర్‌తో కలిస్తే పక్కనున్నది సంఖ్య కాదు, సంఖ్య ఉన్న చిరునామా అవుతుంది. మన 3ఏ అదే. ఆరో పద్ధతితో కలిస్తే 'నేనున్న చోటునుంచి ఇంత దూరం' అని అర్థం. దీని సంగతి చివర్లో చెబుతాను. ఎవరూ విడిగా కనిపెట్టనక్కర్లేకుండా మూడు పద్ధతులు అమరిక నుంచే పుట్టాయి.

ఈ అమరికలో ఒక ఆదేశం ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపెడుతుంది. అష్టాంశ లెక్కలో దాని రూపం 014747. నాలుగో పద్ధతి, ఏడో రిజిస్టర్, రెండు వైపులా. నాలుగో పద్ధతి అంటే రిజిస్టర్ని ముందు వెనక్కి జరిపి, తర్వాత అది చూపిన చోటుని వాడుకోవడం. ఆదేశాన్ని చదివాక పక్కకి జరిగిన ప్రోగ్రాం కౌంటర్ ఒక అడుగు వెనక్కి వేస్తే కనబడేది ఆ ఆదేశమే. దాన్ని తీసుకుంటుంది. ఇంకో అడుగు వెనక్కి వేసి, అక్కడ దాన్ని రాస్తుంది. ఇప్పుడు ప్రోగ్రాం కౌంటర్ చూపిస్తున్నది కొత్తగా రాసిన ఆ నకలునే కాబట్టి తర్వాత అమలయ్యేదీ అదే. ఇలా ఒక్క మాట పొడవున్న ప్రోగ్రాం తన నకళ్ళు తానే రాసుకుంటూ మెమరీలో కిందికి పాకుతూ పోతుంది.

సీ భాషలో ఒకటి పెంచడానికి వాడే రెండు ప్లస్సుల గుర్తు ఈ యంత్రం చూసే పుట్టిందని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. దాన్ని కెన్ థామ్సన్ అంతకుముందే బీ భాషలో పెట్టాడని, అప్పటికి పీడీపీ-11 లేనే లేదని డెనిస్ రిచీ స్పష్టంగా రాశాడు. వాళ్ళు వాడిన పీడీపీ-7లో, తమ ద్వారా మెమరీని చదివినప్పుడల్లా తమంతట తామే ఒకటి పెరిగే గడులు కొన్ని ఉండేవి. ఆ ఊహకి బీజం అక్కడ పడి ఉండొచ్చు.

అందానికి ఖరీదు లేకపోలేదు. ఆదేశం సగంలో రిజిస్టర్ జరిగిపోయాక, వెళ్ళవలసిన చోటు మెమరీలో లేదని తేలితే? ఆదేశాన్ని మొదటినుంచి మళ్ళీ నడపాలి, కానీ రిజిస్టర్ అప్పటికే మారిపోయింది. అందుకని పీడీపీ-11/45లో ఏ రిజిస్టర్ ఎంత జరిగిందో రాసుకోవడానికే ఒక ప్రత్యేక రిజిస్టర్ పెట్టవలసి వచ్చింది. 1977లో వచ్చిన వ్యాక్స్ ఈ పద్ధతుల్ని ఇంకా పెంచుకుంటూ పోయింది. ఈలోగా ఐబీఎంలో జాన్ కాక్, ఆ తర్వాత బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ హెనెసీ ఎదురు దారి పట్టారు. కంపైలర్లు నిజంగా వాడేవి కొద్ది పద్ధతులే, మిగతావి ఎందుకని వాళ్ళ ప్రశ్న.

ఆ దారి ఎంతదూరం వెళ్ళిందో చూడాలంటే 2010లో బర్క్‌లీలోనే మొదలైన రిస్క్-ఫైవ్‌ని చూడాలి. ఐఐటీ మద్రాసు రూపొందించిన శక్తి, సీ-డాక్ రూపొందించిన వేగ ప్రాసెసర్లు దీన్ని ఆధారం చేసుకున్నవే. మెమరీ నుంచి తెచ్చుకునే మామూలు ఆదేశానికి ఇందులో ఒకే పద్ధతి: బేస్ రిజిస్టర్, దానికి కలిపే పన్నెండు బిట్ల దూరం, వెనక్కి 2048 నుంచి ముందుకి 2047 దాకా. నాలుగు బైట్ల మాటల పట్టికలో ఐ-వ దాన్ని తెచ్చుకోవాలంటే ఇంటెల్ ప్రాసెసర్ ఒక్క ఆదేశంలో ఐని నాలుగుతో హెచ్చించి బేస్‌కి కలిపి తెచ్చేస్తుంది. రిస్క్-ఫైవ్ మూల ఆదేశాలతోనైతే జరపడం, కలపడం, తేవడం అని మూడు మెట్లు. మనసు పీడీపీ-11 వైపు లాగినా, చిప్పు గీసేవాళ్ళ కష్టం చూస్తే నేను రిస్క్-ఫైవ్ పక్షమే. ప్రతి ఆదేశం చిరునామాకి ఒకే ఒక్క కూడిక అడిగితే, ఒకదాని వెనక ఒకటిగా ఆదేశాలు తోసుకుంటూ పోవడం ఎంతో సులువవుతుంది. అయితే ఇదే చివరి మాట కాదు. మన ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్లు తెచ్చుకున్నాక రిజిస్టర్ని జరిపే పద్ధతిని ఇప్పటికీ వదల్లేదు.

ఇక 'నేనున్న చోటునుంచి ఇంత దూరం' అన్న సంగతి. ప్రోగ్రాం తన డేటాని ఇలా చెప్పుకుంటే, మొత్తాన్ని ఎత్తి మెమరీలో ఎక్కడ దింపినా పనిచేస్తుంది, ఎందుకంటే ఆదేశానికీ డేటాకీ మధ్య దూరం మారదు. 2003లో ఏఎండీ అరవై నాలుగు బిట్ల ప్రాసెసర్లు తెచ్చినప్పుడు ఈ పద్ధతిని ఇంటెల్ తరహా ఆదేశాల్లోకి చేర్చింది. చొరబాటుదారులు ముందుగా ఊహించలేకుండా మన ఫోన్లు ఒక్కో ప్రోగ్రాంని ఒక్కోసారి ఒక్కోచోట దింపగలుగుతున్నాయంటే, దాని వెనక ఉన్నది ఇదే.

ఇంత కష్టపడి కట్టిన చిరునామా కూడా ఇప్పుడు అసలు చోటు కాదు. 1962 నాటి అట్లాస్ యంత్రంతో మాంచెస్టర్ వాళ్ళే మొదలుపెట్టిన ఏర్పాటు ప్రకారం, ప్రోగ్రాం చూసే చిరునామాని ప్రాసెసర్ పట్టికల్లో వెతికి నిజమైన చోటుగా మారుస్తుంది. అందుకే ఒకే ఫోనులో రెండు యాప్‌లు ఒకే చిరునామాని చదివి వేర్వేరు విలువలు పొందగలవు. మామూలుగా వాడే ఇంటెల్ తరహా ప్రాసెసర్లో నలభై ఎనిమిది బిట్ల చిరునామా తొమ్మిదేసి బిట్ల నాలుగు ముక్కలుగా, చివర పన్నెండు బిట్ల ముక్కగా విడిపోతుంది. మొదటి పట్టిక ఎక్కడుందో ఒక రిజిస్టర్ చెబుతుంది, మొదటి తొమ్మిది బిట్లు అందులో ఎన్నో వరసో చెబుతాయి. ఆ వరసలో రెండో పట్టిక చిరునామా దొరుకుతుంది. అక్కడినుంచి మూడోది, నాలుగోది. ప్రతి మెట్టులోనూ జరిగేది బేస్‌కి ఇండెక్స్‌ని కలపడమే, బీ గొట్టం చేసిన పనే. తొమ్మిది బిట్లంటే 512 వరసలు, ఒక్కో వరస ఎనిమిది బైట్లు, మొత్తం 4096 బైట్లు. చివర మిగిలిన పన్నెండు బిట్లతో చూపగలిగే చోట్లూ సరిగ్గా 4096. ఒక్కో పట్టిక ఒక్కో పేజీలో వెంట్రుకవాసి తేడా లేకుండా ఇమిడిపోతుంది.